బాత్రూమ్ గోడకు స్టీల్ హ్యాండిల్: పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో వాడి చూశాక నా రివ్యూ

ఇంట్లో డెబ్భై దాటిన వాళ్లు ఉంటే బాత్రూమ్ గోడకు స్టీల్ హ్యాండిల్ పెట్టించండి. 304 గ్రేడ్‌ది తీసుకోండి, గోడలోకి బోల్టులు దిగేదే తీసుకోండి, రబ్బరు సక్కర్‌తో అతుక్కునేది మాత్రం వద్దు. పెట్టించిన రోజు నుంచి ఆ బాత్రూమ్‌ని యాసిడ్‌తో కడగడం ఆపేయండి. మొదటి రెండూ షాపువాళ్లు చెప్తారు, వీడియోల్లోనూ చెప్తారు. మూడోది నాకు ఎవరూ చెప్పలేదు, కాబట్టి దాని గురించే కాస్త ఎక్కువ రాస్తాను.

మాది నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్, బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకరు నీళ్లు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. మామయ్యకి షుగరు ఎక్కువై అరికాళ్లలో స్పర్శ తగ్గింది, నేల తడిగా ఉందో పొడిగా ఉందో కాలికి సరిగ్గా తెలియదు, పైగా రాత్రి బీపీ మాత్ర వేసుకున్నాక లేస్తే ఒక్కోసారి తల తిరుగుతుంది. పాప ఇప్పుడిప్పుడే గోడలు, కుర్చీలు పట్టుకుని నిలబడుతోంది, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది. వీళ్లందరికీ ఉన్నది ఒకటే కామన్ బాత్రూమ్. ఒకరికి బాగుండాలని చేసింది ఇంకొకరికి ప్రమాదం కాకూడదు, కొనేటప్పుడు మేం చూసుకున్నది అదే.

ముందు సక్కర్ హ్యాండిల్ సంగతి. మా ఆడపడుచు ప్రేమగా ఆన్‌లైన్‌లో బుక్ చేసి పంపింది. రెండు చివర్లా పెద్ద రబ్బరు కప్పులు, వాటి మీద లాక్, పట్టు సరిగ్గా ఉంటే ఆకుపచ్చ, వదిలితే ఎరుపు కనిపిస్తుంది. డ్రిల్లింగ్ అక్కర్లేదు, టైల్స్ పాడవ్వవు అంటే ఎవరికైనా నచ్చుతుంది. రాత్రి బిగించాం, పొద్దున చూస్తే ఆకుపచ్చ గుర్తు అలాగే ఉంది, చేత్తో లాగితే మాత్రం ఊడి వచ్చేసింది. అదృష్టం, అప్పటికి దాన్ని ఎవరూ పట్టుకోలేదు. ఆ రబ్బరు కప్పు లోపల గాలి లేకపోవడం వల్లే అది నిలబడుతుంది. టైల్స్ మధ్య సందు కప్పు కిందికి వచ్చినా, టైల్ కాస్త గరుకుగా ఉన్నా, సబ్బు జిడ్డు పొర ఉన్నా మెల్లగా గాలి దూరిపోతుంది. మన బాత్రూముల్లో ఈ మూడూ ఉంటాయి. కొన్ని డబ్బాల మీద వాళ్లే చిన్న అక్షరాలతో 'శరీర బరువంతా మోపరాదు' అని రాస్తారు. పడబోతున్న మనిషి ఎంత బరువు మోపాలో లెక్క చూసుకుని పట్టుకోరు కదా! నా దృష్టిలో ఇది అసలు లేకపోవడం కంటే ప్రమాదం. ఏ ఆధారమూ లేకపోతే పెద్దవాళ్లు జాగ్రత్తగా నడుస్తారు, హ్యాండిల్ కనిపిస్తే నమ్మి ఒళ్లంతా దాని మీదే వదిలేస్తారు.

సరే, స్టీల్ హ్యాండిల్. సానిటరీ షాపుకి వెళ్లి 'బాత్రూమ్ హ్యాండిల్' అంటే ముందు టవల్ రాడ్ చూపిస్తారు, సన్నగా ఉంటుంది, అది మనిషి బరువుకి చేసింది కాదు. 'గ్రాబ్ బార్' అని అడగండి, అదే పేరు షాపుల్లో వాడుతున్నారు. మేం తీసుకున్నవి అంగుళంపావు లావు గొట్టంతో చేసినవి, గోడకీ గొట్టానికీ మధ్య అంగుళంన్నర ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ ముఖ్యం. తక్కువైతే వేళ్లు దూరవు, మరీ ఎక్కువైతే చెయ్యి జారినప్పుడు మోచెయ్యి దాకా లోపలికి దూరి ఇరుక్కుంటుంది. అత్తయ్యవి చిన్న చేతులు, ఆవిడ పిడికిట్లో పూర్తిగా ఇమిడిందో లేదో షాపులోనే పట్టించి చూశాం. అంతకంటే లావువి కూడా ఉన్నాయి, కీళ్లవాతం వల్ల వేళ్లు పూర్తిగా ముడుచుకోని వాళ్లకి అవే నయం.

గ్రేడ్ విషయంలో జాగ్రత్తగా ఉండండి. 202, 304 రెండూ చూడ్డానికి ఒకేలా మెరుస్తాయి. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందని చాలామంది అంటారు, తెలియదు, ఈ రెంటికీ అయస్కాంతం పట్టదు. తేడా లోపల ఉంది. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు, అందుకే చౌక, అందుకే తడిలో తొందరగా తుప్పు పడుతుంది. షాపుల్లో ఒక చిన్న సీసా ద్రావకం ఉంటుంది, స్టీల్ మీద చుక్క వేసి చిన్న బ్యాటరీ ఆనిస్తే 202 అయితే ఎర్రగా మారుతుంది. అడిగితే చేసి చూపిస్తారు. అలా చూపించడానికి ఒప్పుకోని షాపులో నేనైతే కొనను. బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి. అడుగున్నర పొడవుది ఒక్కోటి వెయ్యి రూపాయల లోపే పడింది, 202ది దాదాపు సగం ధర చెప్పారు.

ఇక బిగించడం. ఇక్కడ హ్యాండిల్ కంటే గోడ ముఖ్యం. కొత్త అపార్ట్‌మెంట్లలో కొన్నిటికి గోడలన్నీ కాంక్రీటే, మివాన్ అంటారు, వాటిలో ఇనుప ఫాస్టనర్, అంటే రంధ్రంలో బిగుసుకునే బోల్టు, గట్టిగా కూర్చుంటుంది. ఎర్ర ఇటుక గోడ కూడా ఫరవాలేదు. సమస్యంతా లైట్ వెయిట్ ఇటుకలతోనే, అదే బూడిద రంగులో తేలిగ్గా ఉండే ఏఏసీ బ్లాకులు. వాటిలో మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ బిగిస్తే మొదట గట్టిగానే ఉంటుంది, రోజూ లాగగా లాగగా చుట్టూ పొడి రాలి వదులవుతుంది. మా గోడ అదే. మొదట వచ్చిన ప్లంబర్ ప్లగ్గులతో పని కానిచ్చేస్తానన్నాడు, మేం ఒప్పుకోలేదు. తర్వాత వచ్చినతను కెమికల్ యాంకర్ వాడాడు. రంధ్రంలో పొడి మొత్తం ఊదేసి, ట్యూబులోంచి రెసిన్ అనే జిగురు ఎక్కించి, అందులో స్టడ్, అంటే మరలున్న కడ్డీ గుచ్చి, ఒక రోజు అసలు ముట్టుకోవద్దని చెప్పి వెళ్లాడు. మర్నాడు వచ్చి నట్లు బిగించాడు. మెటీరియల్‌కి, కూలికి కలిపి హ్యాండిళ్ల ధర కంటే ఎక్కువే అయింది, అయినా ఇచ్చిన ప్రతి రూపాయీ న్యాయమే అనిపించింది. టైల్ మీద ముందు పేపర్ టేప్ అంటించి, టైల్ దాటేదాకా డ్రిల్‌ని హ్యామర్ మోడ్‌లో పెట్టకుండా మెల్లగా తిప్పాడు, ఒక్క టైల్ కూడా పగల్లేదు. చివర్లో రంధ్రాల చుట్టూ సిలికాన్ పెట్టమనండి, లేకపోతే ఆ సందులోంచి గోడలోకి నీళ్లు దిగుతాయి. ఇంకోటి, మార్కింగ్ చేసేముందు పైపులు ఎటు వెళ్తున్నాయో, గీజర్ వైరు ఎటు వెళ్తోందో చూసుకోవాలి.

ఎత్తు గురించి. డాలస్‌లో ఉన్న మా మరిది అక్కడి కొలతలు పంపాడు. అమెరికా నిబంధనల్లో అడ్డంగా పెట్టే బార్ నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉండాలి, 250 పౌండ్లు, అంటే సుమారు 113 కిలోల బలాన్ని తట్టుకోవాలి. బలం లెక్క మనమూ పాటించాల్సిందే. ఎత్తు మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోకండి. అక్కడ షవర్ కింద నిలబడో, టబ్బులోకి దిగో స్నానం చేస్తారు. మన పెద్దవాళ్లు బకెట్ పక్కన స్టూల్ మీద కూర్చుని చెంబుతో పోసుకుంటారు. కూర్చున్న మనిషి లేవాలంటే పట్టు కిందనుంచి మొదలవ్వాలి. అందుకని స్టూల్ దగ్గర ఒకటి నిలువుగా పెట్టించాం, నేల నుంచి రెండడుగుల దగ్గర మొదలై మూడున్నర అడుగుల దాకా. అత్తయ్య కింద పట్టుకుని లేవడం మొదలుపెట్టి, నిలబడేసరికి చెయ్యి పైకి జరుపుకుంటుంది. కమోడ్ పక్కన అడ్డంగా ఒకటి, అత్తయ్య ఐదడుగులే కాబట్టి 30 అంగుళాల దగ్గర పెట్టించాం. తలుపు దగ్గర గడప దాటే చోట నిలువుగా మూడోది. నిజం చెప్పాలంటే ఈ మూడోదాన్నే ఎక్కువ వాడుతున్నారు, తడి కాలితో గడప దాటేటప్పుడే కాలు జారేది. మనిషిని అక్కడ నిలబెట్టి, కూర్చోబెట్టి, చెయ్యి సహజంగా ఎక్కడికి వెళ్తోందో చూసి పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. అంతకు మించిన కొలత లేదు.

ఇప్పుడు యాసిడ్.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో టైల్స్ మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. తాగే నీళ్ల ప్రమాణాల్లో లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా కాఠిన్యం, అంటే కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటే మంచివంటారు, వేరే దారి లేకపోతే 600 దాకా అనుమతిస్తారు. మన బోర్లలో చాలావాటిలో ఆ 200 కంటే ఎక్కువే ఉంటుంది. ఆ మరకలు ఫినాయిల్‌తో పోవు, సర్ఫ్‌తో పోవు, కాబట్టి పనమ్మాయి యాసిడ్ అడుగుతుంది, మనం తెచ్చిస్తాం, బుస్సుమని నురగ వచ్చి టైల్ తెల్లగా మెరుస్తుంది. శుభ్రమైపోయిందని సంతోషిస్తాం. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. స్టీల్‌కి తుప్పు పట్టకుండా కాపాడేది దాని ఒంటి మీద కంటికి కనిపించనంత పల్చటి క్రోమియం ఆక్సైడ్ పొర. ఈ యాసిడ్ సరిగ్గా ఆ పొరనే చీలుస్తుంది. హ్యాండిల్ మీద చుక్క పడకపోయినా సరే, మూసిన బాత్రూమ్‌లో లేచే ఆవిరే స్టీల్ మీద పేరుకుంటుంది. మొదట గోధుమరంగు చుక్కలు, తర్వాత సూదిమొన కంటే సన్నటి గుంటలు. ముందుగా తినేది ఎక్కడో తెలుసా, గొట్టం గోడకి ఆనే చోట ఉన్న వెల్డింగ్ దగ్గర. దాని మీద అందంగా గుండ్రటి మూత ఉంటుంది కాబట్టి లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనిపించదు. పైకి మెరుస్తున్న హ్యాండిల్ ఒక రోజు బరువు మోపగానే మొదలు దగ్గర విరగొచ్చు. 304 కాదు, ఇంకా ఖరీదైన 316 అయినా ఈ యాసిడ్‌ని తట్టుకోలేదు. అత్తయ్య తుంటి ఎముక విరగకుండా ఉండాలని పెట్టించిన వస్తువుని ప్రతి ఆదివారం మన చేత్తో మనమే బలహీనం చేస్తున్నామన్నమాట.

అంతటితో అయిపోదు. టైల్స్ సందుల్లో ఉన్న సిమెంటుని కూడా యాసిడ్ కరిగిస్తుంది, ఆ సందుల్లోంచి నీళ్లు దిగి కింది ఫ్లాటు వాళ్ల సీలింగ్ చెమ్మెక్కుతుంది. ఊళ్లో పాత ఇళ్లలో కడప బండలు, తాండూరు బండలు ఉంటాయి. అవి సున్నపురాయే, యాసిడ్ పోస్తే నురగ వచ్చేది మురికి వల్ల కాదు, బండే కరుగుతోంది. ఆ ఘాటుకి ఆయాసం ఉన్నవాళ్లకి దగ్గు ఆగదు. అన్నిటికంటే భయంకరమైనది, యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ పౌడర్ చల్లడం. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, చిన్న బాత్రూమ్‌లో తలుపేసుకుని కడుగుతున్న మనిషికి అది ప్రాణాపాయం. టాయిలెట్ క్లీనర్ సీసాల వెనక చదవండి, చాలావాటిలో హైడ్రోక్లోరిక్ యాసిడే ఉంటుంది, కాబట్టి అవి వాడినప్పుడూ బ్లీచింగ్ దరిదాపులకు రాకూడదు. ఈ విషయం పని చేసే అమ్మాయికి తప్పకుండా చెప్పండి, ఆ గాలి పీల్చేది ఆమే కదా, చేతికి గ్లవుజులు కూడా కొనివ్వండి.

యాసిడ్‌ని ఎవరికి పడితే వాళ్లకి అమ్మకూడదని, కొన్నవాళ్ల వివరాలు రాసుకోవాలని, 18 ఏళ్ల లోపు వాళ్లకి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. అయినా పాత కూల్ డ్రింక్ సీసాల్లో పోసి అమ్మడం నేను ఇప్పటికీ చూస్తున్నాను. పసిపిల్లలున్న ఇంట్లోకి ఆ సీసా రానే రాకూడదు, దాని మీద ఉన్నది కూల్ డ్రింక్ బొమ్మ, పిల్లలు చూసేది ఆ బొమ్మనే. ఒకవేళ ఎవరైనా పిల్లలు యాసిడ్ గానీ ఫినాయిల్ గానీ తాగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి, అది పైకి వచ్చేటప్పుడు గొంతుని మళ్లీ కాలుస్తుంది, ఊపిరితిత్తుల్లోకి కూడా పోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, సీసా కూడా వెంట పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాలి.

మరి మరకల మాటేమిటి? నిమ్మ ఉప్పు. కిరాణా కొట్లో దొరికేదే, పులిహోర పొడుల్లో వేసేదే. లీటరు గోరువెచ్చటి నీళ్లలో మూడు చెంచాలు కరిగించి, మరకల మీద పోసి, పావుగంట పైనే వదిలేసి, బ్రష్‌తో రుద్ది కడిగేస్తున్నాం. యాసిడ్ అంత తొందరగా పని చేయదు, ముదిరిపోయిన మరకలకి రెండు మూడు వారాలు పట్టింది. కానీ స్టీల్‌ని ఏం చేయదు, ఘాటు ఉండదు, పాప పక్క గదిలో ఉన్నా భయం లేదు. దీన్ని కూడా బ్లీచింగ్‌తో కలపకూడదు, అది గుర్తుంచుకోండి. కడప బండలు, తాండూరు బండలు, మార్బుల్ మీద ఇదీ వద్దు, వాటికి సబ్బు నీళ్లు, బ్రష్, కాస్త ఓపిక, అంతే. పాకుడు పట్టిన చోట వేరే రోజు పల్చటి బ్లీచింగ్ నీళ్లు వాడి, హ్యాండిల్‌కి తగలకుండా చూసి, వెంటనే మంచినీళ్లతో కడిగేస్తాం. అసలు ఉప్పు పేరుకునేదే నీళ్లు అక్కడికక్కడ ఆరిపోవడం వల్ల. కాబట్టి ఆఖరున స్నానం చేసినవాళ్లు వైపర్‌తో నీళ్లు లాగేసి, హ్యాండిల్‌ని పొడిగుడ్డతో తుడవాలని ఇంట్లో రూలు పెట్టాం. మా పెద్దాడు కూడా చేస్తున్నాడు. దీనితోనే సగం సమస్య పోయింది, నేల పొడిగా ఉంటే జారడమూ తగ్గింది.

హ్యాండిల్‌లో నాకు నచ్చనిది ఒకటుంది. పట్టు కోసం గొట్టం మీద సన్నటి గీతలు ఉన్న రకం తీసుకున్నాం. తడి చేత్తో పట్టుకుంటే బాగానే ఆగుతుంది, కానీ ఆ గీతల్లో సబ్బు, సున్నిపిండి చేరి నల్లబడుతుంది, పాత టూత్ బ్రష్‌తో రుద్దాలి. పాప దాన్ని పట్టుకుని నిలబడి నోరు పెడుతుంది కాబట్టి వదిలేయడానికి లేదు. మళ్లీ కొంటే కమోడ్ పక్కన నున్నటిదే పెట్టిస్తాను, స్నానం దగ్గర మాత్రం గీతలదే ఉండాలి.

రబ్బరు మ్యాట్ కూడా కొన్నాం, కింద చిన్న చిన్న సక్కర్లు ఉండేది. నున్నటి టైల్స్ మీద బాగుంది. గరుకు టైల్స్ ఉన్నవాళ్లు కొనకండి, అది అతుక్కోకపోగా మ్యాటే జారుతుంది. రోజూ ఎత్తి గోడకి ఆరేయాలి, లేకపోతే కింద పాకుడు పడుతుంది. తలంటు రోజుల్లో ఇంకా జాగ్రత్త. దీపావళికి, భోగికి, ఉగాదికి ఇంట్లో అందరికీ నువ్వులనూనె పెట్టి కుంకుడు రసంతో తలంటు పోస్తాం. నూనె, కుంకుడు నురగ కలిసిన నేల మామూలు తడి నేల కంటే ఎన్నో రెట్లు జారుతుంది. మా ఇంట్లో ఇప్పుడు పెద్దవాళ్లకే ముందు పోసేస్తున్నాం, పిల్లల వంతు తర్వాత. ప్రతి మనిషికీ మధ్యలో వేడినీళ్లలో సర్ఫ్ కలిపి నేల ఒకసారి రుద్దుతాం.

పిల్లల వైపు నుంచి ఇంకో రెండు మాటలు. బకెట్లో నీళ్లు ఉంచొద్దు, పాకే బిడ్డ తలకిందులుగా పడితే కొద్దిపాటి నీళ్లు చాలు ఊపిరాడకపోవడానికి. వాడాక బోర్లించేయడమే. రోజు విడిచి రోజు నీళ్లు వచ్చే ఇళ్లలో నిల్వ తప్పదు, అప్పుడు బిగుతుగా మూత ఉన్న డ్రమ్ము వాడండి, డెంగీ దోమ గుడ్లు పెట్టేది కూడా అలాంటి మంచినీళ్లలోనే, వారానికోసారి ఖాళీ చేసి గోడలు రుద్ది ఆరబెట్టాలి. రెండోది, బాత్రూమ్ తలుపుకి లోపలి గడియ తీసేసి, బయటినుంచి నాణెంతో తిప్పి తెరిచే తాళం పెట్టించండి, ప్లంబర్ వచ్చిన రోజే కార్పెంటర్‌ని కూడా పిలిస్తే సరిపోతుంది. లోపల పెద్దవాళ్లు పడినా, పిల్లలు గడియ పెట్టుకున్నా తలుపు పగలగొట్టే పని ఉండదు.

అద్దె ఇంట్లో ఉండి, ఓనరు గోడకి రంధ్రాలు ఒప్పుకోకపోతే, కమోడ్ సీటు బోల్టులకే బిగించే రెండు చేతుల స్టీల్ ఫ్రేమ్ దొరుకుతుంది, సర్జికల్ షాపుల్లో అడగండి, ఇల్లు మారితే విప్పి తీసుకెళ్లొచ్చు. మా అమ్మకి గుంటూరులో అదే కొనిచ్చాను. కాళ్లకి రబ్బరు బుడిపెలు ఉన్నాయో లేదో, ఎత్తు మార్చుకునే పిన్నులు గట్టిగా పడుతున్నాయో లేదో చూసి కొనండి. స్నానం దగ్గరికి మాత్రం అది పనికిరాదు, అక్కడికి చేతులు, వెనక ఆనుకోడానికి ఉన్న స్నానాల కుర్చీ తీసుకోండి, ఉత్త ప్లాస్టిక్ స్టూల్ వద్దు. ముందు ఓనరుతో ఒకసారి మాట్లాడి చూడండి, ఖాళీ చేసేటప్పుడు హ్యాండిల్ అక్కడే వదిలేసి వెళ్తామంటే చాలామంది ఒప్పుకుంటారు, వాళ్ల ఇళ్లలోనూ పెద్దవాళ్లు ఉంటారు.